స్పేస్‌బార్ కోడలు

“రేపు పొద్దుగాల షిఫ్టు సంది బంద్! ఒక్క బాయి నడవది, ఒక్క పెళ్ళ బొగ్గు బయటికి రాదు!”

నర్సింగం కాక ఆ మాట మా క్వార్టర్ల వరుస మొత్తానికి వినబడేలా అరిచాడు. యూనియన్‌లో ఆయన గొంతుకు పెట్టింది పేరు. నేను వాకిట్లో తీగ మీద మా ఆయన డ్యూటీ ప్యాంటు ఆరేస్తున్నాను. ఎన్నిసార్లు పిండినా నల్లటి నీళ్ళే కారే ప్యాంటు అది. కబురు చెవిన పడగానే ఆ ప్యాంటునే రెండు చేతులా గుండెకు హత్తుకుని, జాకెట్టు తడిసి ఒంటికి అంటుకునేదాకా అలాగే నిలబడ్డాను.

2011 సెప్టెంబరు నెల. తెలంగాణ కోసం సకల జనులూ సమ్మెకు దిగుతున్న రోజులు. బళ్ళు, బస్సులు, ఆఫీసులు, ఇప్పుడు గోదావరిఖని బొగ్గుబాయిలు కూడా. డిగ్రీ చదివేటప్పుడు నేనూ కాలేజీ గేటు ముందు బైఠాయించి గొంతు పోగొట్టుకున్నదాన్నే. రాష్ట్రం రావాలని నాకూ ఉంది. కానీ ఆ నిమిషాన నాకు తోచింది మాత్రం ఒక్కటే. రేపు నా మొగుడు ఇంట్లో ఉంటాడు!

పెళ్ళై మూడు నెలలు. అందులో ఆషాఢం నెలంతా నన్ను కమాన్‌పూర్‌లో పుట్టింట్లో కూర్చోబెట్టారు. మిగిలిన రెండు నెలల్నీ మూడు షిఫ్టులు పంచుకున్నాయి. పొద్దటి షిఫ్టయితే నేను కళ్ళు తెరిచేసరికే వెళ్ళిపోయేవాడు, రాత్రి షిఫ్టయితే పగలంతా నిద్ర. ఉపేందర్ ముఖం కన్నా దుప్పటి బయటికి వచ్చిన ఆయన పాదాలే నాకు ఎక్కువ పరిచయం. మంచి పాదాలే, పేరు పెట్టేందుకు లేదు. అయినా ఎంతకాలమని పాదాలతో కాపురం చేస్తాం?

లోపలికి వెళ్ళేసరికి మా మామ ముత్యం మంచం మీద కూర్చుని మోకాళ్ళకు నూనె రాసుకుంటున్నాడు. ముప్పై మూడేళ్ళుగా ఆయన బాయిలో షాట్‌ఫైరర్. బొగ్గు గోడకు రంధ్రాలు వేయించి, అందులో మందు కూరి, పేల్చే పని. ఆయనకు మూడడుగుల దూరంలో ఉపేందర్ గడప మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు. మామ నావైపు తిరిగాడు.

“బిడ్డా, వానికి చెప్పు. రేపు తొమ్మిదింటికి సమ్మె టెంటు కాడికి రావాలె.”

నేను ఉపేందర్ వైపు తిరిగాను. “రేపు తొమ్మిదింటికి టెంటు కాడికి రావాల్నట.”

“వస్తనని చెప్పు.”

“వస్తడట మామా.”

మా ఇంట్లో ఇది రోజువారీ తంతు. తండ్రీకొడుకులు ఒకే గదిలో ఉంటారు, ఒకే చెంబు నీళ్ళు తాగుతారు, మాటలు మాత్రం మూడో మనిషి మీదుగా పోవాల్సిందే. నేను రాకముందు ఆ ఉద్యోగం మా అత్తది. కోడలు రాగానే ఆవిడ పదవీ విరమణ చేసింది. మా పెళ్ళిలో కూడా మామ, “పెండ్లికొడుకును లేచి అక్షింతలు తీసుకోమనుండ్రి” అని పంతులుతో చెప్పించాడు. అప్పుడు నేను అదేదో ఆచారం అనుకున్నాను.

అసలు సంగతి సమ్మె మొదలైన మూడో రోజున తెలిసింది. మగవాళ్ళిద్దరూ టెంటు దగ్గర ఉన్నారు. నేనూ మా అత్త పూలమ్మా చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాం. నేను ఊరుకోలేక అడిగేశాను.

“నిరుడు దసరాకు ముంగటి ముచ్చట” అంది అత్త. “అప్పుడు బాప్‌కొడుకులు ఒక్క బాయిలనే చేస్తుండిరి. మీ మామ మందు కూరి, మందినంత ఎనుకకు పంపి, మూడుసార్లు కేకేసిండు. ఫైరింగ్ అని మూడుసార్లు కేకేస్తరు, అది బాయి కట్టడి. నీ మొగడు ఏం జేసిండు? టిఫిన్ గిన్నె మర్చిపోయినని మల్ల లోపలికి ఉరికిండు.”

“గిన్నె కోసమా?”

“గిన్నె కోసమే. మీ మామ చెయ్యి పేల్చే మిషిని పిడి మీద ఉన్నది. తిప్పుదామనంగ చీకట్ల టోపీలైటు ఒకటి కదిలింది.”

నా చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. “తిప్పితే?”

“తిప్పలే గద!” అత్త కసిరింది. తర్వాత గొంతు తగ్గించింది. “ఇంటికొచ్చినంక తిట్టలే, కొట్టలే. తిడితె గూడ బాగుండు. ఆ దినం సంది మాట బంద్. వీడేమో సిగ్గుతోని వేరే బాయికి బదిలీ రాయించుకున్నడు. అయ్య మాట్లాడితె మాట్లాడుదమని వీడు, కొడుకు మాట్లాడితె మాట్లాడుదమని ఆయన. ఏడాదాయె.”

“ఆ గిన్నె ఏమైంది అత్తమ్మా?”

“అగో, నువ్వు రోజు కూర పెడ్తలేవా? గదే.”

ఆ సాయంత్రం ఆ స్టీలు గిన్నెను చింతపండుతో తళతళలాడేలా తోమాను. సమ్మె ఎప్పుడో ఒకప్పుడు ముగుస్తుంది. ముగిస్తే ఇద్దరూ రెండు బాయిలకు, రెండు షిఫ్టులకు చెదిరిపోతారు. ఈ మౌనం విరగాలంటే ఈ కొద్ది రోజుల్లోనే విరగాలి. ఎలాగో మాత్రం నాకు ఏ ఉపాయమూ తోచలేదు.

ఉపాయం కోసం కాదు, ఉత్త సరదాకే మర్నాడు మధ్యాహ్నం కంప్యూటర్ తెరిచాను. పెళ్ళికి ముందు ట్యూషన్లు చెప్పి కొనుక్కున్న కంప్యూటర్ అది. ముందరి గదిలో మామ మంచానికి ఎదురుగా బల్ల మీద ఉండేది. డిగ్రీలో నా పక్క బెంచీ మైత్రి పెళ్ళి కానుకగా ఒక ఆట సీడీ ఇచ్చింది. పైన స్కెచ్‌పెన్నుతో ‘నలుగురూ బతికుంటేనే గెలుపు’ అని రాసింది. మాంత్రికులూ రాక్షసులూ తిరిగే పాతాళ గుహలో పన్నెండు తలుపులు. మన పక్షాన నలుగురు. డాలు పట్టుకున్న వీరుడు, విలుకాడు, గాయాలు మాన్పే మందులామె, నిప్పుబంతి విసిరే మంత్రగత్తె. ఒక్కరు చచ్చినా తలుపు మొదటికి వస్తుంది.

మౌస్ ఉపేందర్ పట్టాడు, కీబోర్డు నేను. ఒకే కుర్చీ. చెరో సగం. ఆ కుర్చీ గురించే ఇంకో కథ రాయొచ్చు.

మొదటి తలుపు ముందు పోరు మొదలైంది. డాలువాడు కనబడ్డ ప్రతివాడి మీదికీ ఉరికాడు. విలుకాడు ఇంకెవరినో కొట్టాడు. మందులామె అందరికన్నా ముందు నిలబడింది. నలభై సెకన్లలో నలుగురూ హరీమన్నారు. మేం నవ్వు ఆపుకోలేక పడీపడీ నవ్వాం.

మంచం మీద పేపరు కిందికి దిగింది. “ఏంది సంధ్యమ్మా అది?”

“ఆట మామా. వీళ్ళు మా పార్టీ.”

“పార్టీయా?” మామ లేచి కూర్చున్నాడు. “ఏ పార్టీల చేరిన్రు? ఒక్కమాటన్న చెప్పాలె గద! టెంటుల నా ఇజ్జత్ ఏం గావాలె?”

“రాజకీయం పార్టీ కాదు మామా. నలుగురే ఉంటరు.”

“నలుగురుంటె పార్టీ ఎట్లయితది? గ్యాంగు అను.” ఆయన శాంతించాడు. “మందు కూరి పేల్చేది ఒగలు, బాయి కప్పు కూలకుంట మొద్దులు నిలవెట్టేది ఒగలు. గ్యాంగు.”

అప్పటి నుంచి మాది గ్యాంగే. డాలువాడు మొద్దులు నిలబెట్టే టింబర్‌మన్ అయ్యాడు. మంత్రగత్తె, చెప్పాలా, షాట్‌ఫైరర్.

రెండో రోజు మామ పేపరు తిరగేస్తూనే ఉన్నాడు గానీ కళ్ళు తెర మీదే. మా గ్యాంగు తొమ్మిదోసారి చచ్చేసరికి ఆయనకు ఓపిక నశించింది.

“బిడ్డా, వానికి చెప్పు. నడిమైదానంల నిలవడి కొట్లాడితె చుట్టుముడ్తరు. ఆ తలుపు సందుల నిలవడుమను. ఒక్కొక్కడే వస్తడు. సన్నటి సొరంగంల పది మంది ఒక్కపారి రాగలుగుతరా?”

నేను స్పేస్‌బార్ నొక్కాను. ఈ ఆటలో స్పేస్‌బార్ నొక్కితే కాలం ఆగిపోతుంది. కత్తి గాలిలో, బాణం గాలిలో, రాక్షసుడి ఆవులింత కూడా గాలిలోనే. అంత ప్రశాంతంలో నేను పక్కకు, అంటే మూడంగుళాలు, తిరిగి, “తలుపు సందుల నిలవడాల్నట” అని చేరవేశాను.

“నిలవడితె విలుకానికి సందు దొరకదని చెప్పు.”

“విలుకానికి సందు దొరకదట మామా.”

“వాడు ఎనుక ఎత్తు మీదికి ఎక్కాలె. తల మీదికెళ్ళి కొడ్తడు.”

మళ్ళీ స్పేస్‌బార్ నొక్కి కాలాన్ని వదిలాను. డాలువాడు తలుపు సందులో నిలబడ్డాడు, విలుకాడు వెనక రాయి ఎక్కాడు. ఒక్కొక్క రాక్షసుడే వచ్చి ఒక్కొక్కడే పడ్డాడు. మొదటి తలుపు తెరుచుకుంది! నేను కుర్చీలోంచి ఎగిరాను. నా సగం లేకపోయేసరికి ఉపేందర్ కింద పడ్డాడు. మామ మీసాల కింద నవ్వాడు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

“చూసిన్రా?” అన్నాడు మామ గర్వంగా. “మనం బొగ్గు ఆపితె గిట్లుంటది. సమ్మె గట్టిగ నడుస్తుంది.”

“మనం గెలిచింది గూడ పాయె మామా. ఇంకా కంప్యూటర్ల దాచలే.”

“పోనీ. రాష్ట్రం కోసం అంతమాత్రం ఓర్సుకోవాలె.”

పొద్దునంతా టెంటు, వంటావార్పు, రాస్తారోకో. మధ్యాహ్నం కరెంటు ఉన్నంతసేపూ గుహ. అలా వారాలు ఎలా జారిపోయాయో! నా పాత ఫిజిక్స్ రికార్డు వెనక పేజీల్లో ‘కొత్తగా గుహలో దిగేవాళ్ళకు’ అని రాయడం మొదలుపెట్టాను. తలుపు సందు సంగతి అందులో మొదటిది. కొత్త గదిలోకి అడుగుపెట్టే ముందు విలుకాణ్ణి ఒక్కణ్ణే మెల్లగా పంపి చూడాలన్నది రెండోది. ఆ మాట మామ చెప్పిన తీరు వేరు. “కప్పును కట్టెతోని తట్టి సూడకుంట ఎవడన్న కింద నిలవడ్తడా? ఖంగుమంటె గట్టిది. బొదబొదమంటె ఎనుకకు రా.”

మా అత్త ఆటను లెక్కచేసేది కాదు. కానీ ఒకరోజు చాటలో బియ్యంతో వచ్చి, మందులామె మంత్రం వేయబోయేలోగా డాలువాడు కూలిపోవడం చూసి ఆగిపోయింది.

“గదేంది, పానం పోయేటప్పుడా మందు ఇచ్చేది? అన్నం అడుగంటినంక నీళ్ళు పోస్తె ఏం ఫాయిద? సగముండంగనే పొయ్యాలె. ఇంకో మాట, ఆ పిల్లను ముంగట ఎందుకు పెట్టిన్రు? దవాఖానను తీస్కపోయి కొట్లాటల పెడ్తరా ఎవ్వలన్న?”

అది మూడోదిగా రాసుకున్నాను. రెండో తలుపు అత్త పేరు మీదే గెలిచాం.

మూడో తలుపు దగ్గర చిక్కుపడ్డాం. అక్కడ నలుగురు రాతి కాపలాదారులు, వాళ్ళ వెనక తెల్లజుట్టు ముసలిది. మేం ఎవరిని ఎంత కొట్టినా అది మంత్రం చదివి మళ్ళీ నిలబెడుతుంది. ఉపేందర్ ఒకణ్ణి కొడితే నేను ఇంకొకణ్ణి కొట్టేదాన్ని.

“వానికి చెప్పు. నీకు గూడ చెప్తున్న” అన్నాడు మామ. “నాలుగు దిక్కుల గీకితె బొగ్గు రాలది. ముందుగాల నడిమిట్ల కొట్టాలె. నడుమ ఖాళీ అయితె పక్కలు వాటంతటవే వస్తయ్. ఆ గుంపుకు నడుమ ఎవ్వలు?”

“ముసలిది” అన్నాం ఇద్దరం ఒకేసారి.

కానీ ముసలిది అందదు. దాన్ని కొట్టగలిగేది నిప్పుబంతి ఒక్కటే. నిప్పుబంతి పోరుకు ఒక్కసారే. పైగా అది మనవాళ్ళనూ కాలుస్తుంది. ఆ సంగతి తెలియక నేను తొందరపడి మీట నొక్కేశాను. మంటలో కాపలాదారులతో పాటు మా డాలువాడూ బూడిదయ్యాడు.

మామ దిగ్గున లేచాడు. “ఫైరింగంటె గిట్లనా? లోపల మనిషి ఉండంగనే కొడ్తవా?”

నేను సారీ అనబోయాను. మామ నన్ను చూడటం లేదు. చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. ఉపేందర్ మౌస్ మీది చెయ్యి తీయకుండా, తల ఎత్తకుండా కూర్చున్నాడు. ఆ రోజు ఇంక ఆట లేదు.

మర్నాడు మామ తనంతట తనే మంచాన్ని అడుగు దూరం ముందుకు జరుపుకుని కూర్చున్నాడు. అదే చాలనుకున్నాను.

సద్దుల బతుకమ్మ వచ్చింది. బస్సులు లేవు కాబట్టి పుట్టింటికి వెళ్ళలేకపోయాను. అమ్మ ఫోన్‌లో ఏడిస్తే నేనూ ఏడ్చినట్టు చేశాను గానీ లోపల ఎంత సంతోషమో! ఆ రోజు మా అత్త మలీద ముద్దలు చేసింది. రొట్టెలు నలిపి, బెల్లం వేసి, నెయ్యి పోసి. ఉపేందర్ ఆడుతూనే నోరు తెరిచాడు, నేను ఆడుతూనే తినిపించాను. కొత్త పెళ్ళికూతురికి అంతకన్నా పండగ ఏముంటుంది? సగం ఆయన నోట్లో పడింది, సగం కీబోర్డులో పడింది.

పొద్దున చూస్తే స్పేస్‌బార్ కదలదు. బెల్లం పాకం కింద గట్టిపడి రాయిలా పట్టేసింది. పిన్నీసుతో గీకాను, తడిబట్టతో తుడిచాను. చివరికి ఊడదీద్దామంటే ఉన్న కాస్తా పగిలింది. సమ్మెలో ఒక్క కంప్యూటర్ షాపు తెరిచిలేదు.

ఇక ఆటలో కాలం ఆగదు.

మా ఇంటికి అదెంత పెద్ద ఉపద్రవమో ఆలోచించండి. మామ “బిడ్డా, వానికి చెప్పు, డాలు ఎత్తుమను” అంటాడు. నేను “డాలు ఎత్తాల్న...” అనేలోపు వాడి తల ఎగిరిపోతుంది. “వానికి చెప్పు, కుడిపక్క...” కుడిపక్క వాడు కూడా పోయాడు. కోడలి మీదుగా పోయే మాటకు యుద్ధంలో చోటు లేదు. పదకొండు రోజులు వరసగా ఓడిపోయాం. నేను మాటలు కుదించి “డాలు!”, “కుడి!” అని అరిచి చూశాను. అయినా ఒక మాట రెండుసార్లు పుట్టాల్సి వచ్చేది. ఆ రెండో పుట్టుకకే ఆలస్యం.

“నువ్వు జర జల్ది చెప్పాలె” అన్నాడు మామ.

“నాకున్నది ఒక్కటే నోరు మామా” అన్నాను. కొంచెం గట్టిగానే అన్నాను. అత్త వంటింట్లోంచి తొంగిచూసి మళ్ళీ లోపలికి వెళ్ళింది.

అక్టోబరు సగమైంది. హైదరాబాదులో చర్చలు నడుస్తున్నాయనీ, సమ్మె ఏ పూటైనా ముగియవచ్చనీ టెంటులో చెప్పుకుంటున్నారు. ఆ ఆదివారం మూడింటికి కరెంటు వచ్చింది. నాలుగింటికి మళ్ళీ పోతుంది. గంట సమయం. తెర ముందు మేమిద్దరం, వెనక మంచం అంచున మామ.

పథకం మామది. డాలువాడు ఒక్కడే లోపలికి వెళ్ళాలి. కాపలాదారులకు కనబడి, వెనక్కి తిరిగి, తలుపు దాటి బయటికి పరుగెత్తి రావాలి. వాళ్ళు గుంపుగా వెంటపడతారు, ముసలిదీ వాళ్ళ వెనకే వస్తుంది. అందరూ తలుపు లోపలివైపు ఇరుక్కున్నప్పుడు, మనవాళ్ళందరూ బయట ఉన్నప్పుడు, నేను నిప్పుబంతి మీట నొక్కాలి.

ఉపేందర్ లోపలికి పోనిచ్చాడు. కాపలాదారులు కదిలారు. నేల అదిరినట్టు అడుగుల చప్పుడు. ఆయన డాలువాణ్ణి తిప్పాడు, పరుగెత్తించాడు. తలుపు ఇంకా నాలుగడుగులు. మీట మీద నా వేలు సిద్ధంగా ఉంది.

అప్పుడు పక్కన నేల మీద నీలంగా ఏదో మెరిసింది. గాయాలు మాన్పే మందు సీసా. ఆటలో అలాంటివి అరుదుగా దొరుకుతాయి. ఉపేందర్ చెయ్యి ఆగింది. డాలువాడు వెనక్కి తిరిగి సీసా కోసం లోపలికి నడిచాడు.

“బిడ్డా, వానికి చె...”

నా బొటనవేలు అలవాటుగా స్పేస్‌బార్ మీద పడింది. అది కదల్లేదు. ఆట ఆగలేదు. కాపలాదారుల నీడలు సీసా మీదికి వచ్చేశాయి.

“ఉపేందరా!”

ఆ కేక గదిలో పట్టలేదు. ముప్పై మూడేళ్ళు సొరంగాల్లో చివరి మనిషిదాకా వినబడటానికి అలవాటుపడ్డ గొంతు అది. మామ మంచం దిగి నిలబడ్డాడు.

“ఎనుకకు రా కొడుకా! ఫైరింగ్! ఫైరింగ్! ఫైరింగ్!”

మౌస్ గిర్రున తిరిగింది. డాలువాడు సీసాను వదిలేశాడు. ఒక దెబ్బ వీపు మీద తింటూనే తలుపు దాటి ఇవతల పడ్డాడు.

“వచ్చిన బాపూ” అన్నాడు ఉపేందర్.

మామ ముందుకు వంగి, తలుపు లోపల మనవాళ్ళెవరూ లేరని తెరంతా కళ్ళతో తడుముకున్నాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. నలుగురూ ఇవతలే ఉన్నారు.

“ఇగ కొట్టు, సంధ్యమ్మా.”

కొట్టాను! తెరంతా నారింజ రంగు. కాపలాదారులు ముగ్గురు పెళ్ళలు పెళ్ళలుగా రాలిపోయారు, ముసలిది పొగై పోయింది. నాలుగోవాడు మాత్రం మంటలోంచి బయటికి వచ్చాడు.

“ఎడమకు, ఎడమకురా! తలుపుల నిలవడు!”

“నిలవడ్డ బాపూ!”

“వాని మీదనే అందరు కొట్టుండ్రి! ఒక్కని మీదనే!”

“మందు! సగమైంది, మందు పొయ్యిండ్రి!” అది మా అత్త. ఎప్పుడు వచ్చిందో చేతిలో గంటెతో నా భుజం వెనకే నిలబడి ఉంది.

మందు పోశాను, బాణం వేశాను, ఉపేందర్ కత్తి దించాడు. నాలుగోవాడు మోకాళ్ళ మీద పడి, ముందుకు ఒరిగి, దుమ్మైపోయాడు. మూడో తలుపు కిర్రుమంటూ తెరుచుకుంది.

మేం వేసిన కేకకు గోడ మీది బల్లి పరారైంది. నేను ఉపేందర్‌ను వాటేసుకున్నాను, అత్తమామల ముందని గుర్తొచ్చి వదిలాను, మళ్ళీ వాటేసుకున్నాను. అత్త గంటెతో బల్లను దబదబా బాదింది. ఆ గొడవలో మామ ఒక్కడే తెర వంక చూస్తూ వేలు చూపించాడు. ఖాళీ గదిలో సీసా ఇంకా నీలంగా మెరుస్తోంది.

“ఇగ పోయి తీస్కో. నీ గిన్నె యాడికి పోదు.”

అది గిన్నె కాదు, సీసా అని ఎవరూ అనలేదు. ఉపేందర్ మౌస్ మెల్లగా జరిపి దాన్ని తీసుకున్నాడు. తీసుకునేటప్పుడు ఒకసారి ముంజేతితో కళ్ళు తుడుచుకున్నాడు. మా అత్త వంటింట్లోకి వెళ్ళింది. గిన్నెల చప్పుడు ఎక్కువగానూ, చాయ్ వాసన ఆలస్యంగానూ వచ్చాయి.

సరిగ్గా అప్పుడు నర్సింగం కాక గడపలోకి వచ్చాడు.

“గింత సంబురమా! మీకప్పుడే తెలిసిందా ఏంది?”

“ఏం తెలిసింది కాకా?”

“సమ్మె వాయిద వేసిన్రు. రేపటి సంది డ్యూటీ.” ఆయన గొంతులో ఉత్సాహం కన్నా అలసట ఎక్కువుంది. “రాష్ట్రం రాకపాయె. ఉత్తగనే ఎనుకకు వచ్చినట్టాయె ముత్యమన్నా.”

“ఎనుకకు వచ్చుడు ఓడుడు గాదు నర్సింగం” అన్నాడు మామ. “ఎనుకకు రాకుంట ఎవడన్న ఫైరింగ్ చేస్తడా? ఎనుకకు వచ్చేదే కొట్టేటందుకు. కూసో, చాయ్ తాగు.”

ఆ మాట నేను రికార్డులో నాలుగోదిగా రాసుకున్నాను. నర్సింగం కాక చాయ్ తాగుతూ మూడు తలుపుల కథంతా విన్నాడు. ఆయనకు ఒక్క ముక్క అర్థమైనట్టు లేదు. కానీ లేచేటప్పుడు తండ్రి వంకా కొడుకు వంకా రెండుసార్లు చూసి, తువ్వాల భుజాన వేసుకుని, ఈలవేసుకుంటూ వెళ్ళిపోయాడు.

నాలుగింటికి కరెంటు పోయింది. ఈసారి ముందే దాచిపెట్టాను. నలుగురం వాకిట్లో గాలికి కూర్చున్నాం. నా గుండెలో ఒక మూల చిన్న దిగులు. రేపటి నుంచి మళ్ళీ షిఫ్టులు, మళ్ళీ దుప్పటి కింద పాదాలు. నేను లేచి పొద్దటి డ్యూటీకి స్టీలు గిన్నె తెచ్చి తుడవసాగాను. మామ ఆ గిన్నె వంక చూశాడు.

“ఇంకెన్ని తలుపులున్నయ్ బిడ్డా?”

“తొమ్మిది మామా.”

ఆయన తలూపాడు. నిదానంగా గొంతు సవరించుకున్నాడు.

“సంధ్యమ్మా, వానికి చె...”

ఆగిపోయాడు. నేను గిన్నె తుడుస్తున్న చెయ్యి ఆపి, నోరు గట్టిగా మూసుకున్నాను. ఏడాదిగా ఈ ఇంట్లో ఉన్న ఉద్యోగానికి ఆ క్షణాన రాజీనామా ఇచ్చేశాను. మామ కుర్చీని కొడుకు వైపు తిప్పుకున్నాడు.

“ఉపేందరా, రేపు మనిద్దరిది పొద్దటి షిఫ్టే. ఐదింటికే బండి తియ్యి, నేను నీ ఎనుక కూసుంట. నన్ను మా బాయి కాడ దించి నువ్వు పో. డ్యూటీ దిగంగనే అటు ఇటు తిరగక నన్ను ఎక్కించుకోని సీదా ఇంటికి రా. దార్ల ఆ కంప్యూటర్ దుకాణం తెరిస్తె ఒక కీబోర్డు తీస్కోవాలె. రేపు నాలుగో తలుపు కొడ్తున్నం.”